19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రాల్లో మనుషులు శిల్పాల్లా ఎందుకు కనిపిస్తారు?

సజీవ మోడల్‌ను ఎదురుగా నిలబెట్టుకొని గీసినా ఆ కాలపు చిత్రాల్లో దేహాలు పాలరాతి బొమ్మల్లా ఎందుకుంటాయని మీరు అడిగారు. చదువు సాగిన వరుసే దానికి ముఖ్య కారణమని నేను అనుకుంటాను. పారిస్‌లోని ప్రసిద్ధ కళాశాల ఎకోల్ దె బోజార్ సంప్రదాయంలో విద్యార్థి మొదట ముద్రిత చిత్రాలను, తర్వాత గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ ప్రతులను చూసి గీసేవాడు. మోడల్ వంతు ఆ తర్వాతే వచ్చేది. అంటే, నిజమైన దేహాన్ని గీయడానికి కూర్చునేనాటికే చక్కని దేహం ఎలా ఉండాలన్నది అతని కంటికి అలవాటైపోయేది.

షార్ల్ బార్గ్, జెరోమ్ అనే ఫ్రెంచి చిత్రకారులు కలిసి రూపొందించగా 1860ల చివర్లో గూపిల్ సంస్థ అచ్చు వేసిన డ్రాయింగ్ పాఠాలను నేను చాలాకాలం నకలు చేశాను. అందులో ఒక పాదాన్ని గీయాలంటే మడమ నుంచి మునివేళ్ల దాకా ఉన్న వంపులన్నిటినీ ముందు పొట్టి సరళరేఖలుగా విడగొట్టుకోవాలి, ఆపైన వెలుగూ నీడా కలిసే హద్దును ఒక్క గీతతో గుర్తించాలి, నీడలు నింపడం చివరి పని. ఈ సాధన తర్వాత, సజీవ మోడల్‌ను చూసి గీసే లైఫ్ క్లాసులో, అలసిపోయిన మోడల్ నడుము దగ్గర పడ్డ ముడతలూ, చెప్పుల ఒరిపిడికి వంకరపోయిన చిటికెన వేలూ నా కళ్లెదుటే ఉన్నా, చేయి మాత్రం వాటిని సర్దేసి, భుజం నుంచి మడమ దాకా సాగే ఒకే నిండు గీత కోసం వెతికేది. ఆ చిత్రకారుల చేతిని అంత దగ్గరగా నేను మరెక్కడా గమనించలేదు.

అయితే ఆదర్శమంటే శరీర నిర్మాణశాస్త్రానికి కట్టుబడడం అని కాదు. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ 1814లో చిత్రించిన ‘గ్రాండ్ ఒడలిస్క్’ అనే నగ్న స్త్రీ చిత్రాన్ని 1819లో పారిస్ అధికారిక కళాప్రదర్శన అయిన సలోన్‌లో ప్రదర్శించినప్పుడు, ఆమె వెన్నులో పూసలు ఎక్కువున్నాయని విమర్శకులు ఆక్షేపించారు. నిజంగానే ఆ వీపు మనిషికి ఉండదగినంత కంటే పొడవు. కానీ మెడ నుంచి తుంటి దాకా జారే ఆ రేఖకు అంత పొడవూ కావాలి, ఆంగ్ర్ ఎముకలను కాక రేఖనే నమ్మాడు.

ఈ శిక్షణ సొంత చూపును చంపేస్తుందనే మాటను నేను ఒప్పుకోను. 1880లో బొమ్మలే తన వృత్తి అని నిశ్చయించుకున్న వాన్ గో బార్గ్ పాఠాలనే పట్టుదలగా నకలు చేశాడు, 1890లో మళ్లీ వాటి దగ్గరికే వెళ్లాడు.