అమెరికన్ గాయకుడు, హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ పాత సినిమా పాటలు ఇప్పటికీ ఎందుకు హుషారుగా అనిపిస్తాయి?

ప్రధాన కారణం ఆయన వాడ్‌విల్‌లో ఆరితేరినవాడు కావడం. పాట, డాన్సు, హాస్యం ఒకదాని వెంట ఒకటి వచ్చే అమెరికన్ రంగస్థల వినోదం అది. అక్కడ చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, మైకు కూడా ఉండేది కాదు. బాల్కనీలో చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా పాట చేరాలంటే ఒళ్లంతా పాడాల్సిందే.

ఆ అలవాటుతోనే కాంటర్ 1930లో 'వూపీ!' సినిమాలోకి వచ్చాడు. ఆయన పాటలో ఒక్క అర నిమిషం చూడండి. చిన్నగా గెంతుతూ అటూ ఇటూ తిరుగుతాడు, చేతులు టపటపా చరుస్తాడు, ఆ పెద్ద కళ్లు గుండ్రంగా తిప్పుతాడు. గుండ్రటి తీగ వాయిద్యమైన బాంజోతో పోలుస్తూ 'బాంజో కళ్లు' అనే పేరు ఊరికే రాలేదు!

టాకీల తొలి రోజుల్లో శబ్దం బయటికి రాకుండా కెమెరాను గదిలాంటి పెట్టెలో బిగించేవారు. కెమెరా కదలకపోతే కదలిక నటుడే తేవాలి. ఆ పని కాంటర్‌లాంటి వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పైగా అదే సినిమాతో నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ సినిమాల్లోకి వచ్చి, డాన్సర్లను పైనుంచి పువ్వుల్లా చూపించాడు. రెండు రంగుల టెక్నికలర్ అనే ఆనాటి రంగుల చిత్రీకరణ పద్ధతి మరో అందం.

ఒక్కటి మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. కొన్ని పాటల్లో ఆయన ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని అనుకరించాడు. అది వారిని కించపరిచే ఆచారం. ఆ పాటల్లో ఎంత హుషారున్నా నేను మనసారా ఆనందించలేను.