మూత పైఅంచు చూసి కొను

బరంపురం

అమ్మడూ,

వీడియోలో లెక్కల ట్యూషన్ చెప్పడానికి లాప్‌టాప్ కొంటున్నానని, తెర చుట్టూ నల్లపట్టీ దాదాపు లేని మోడల్ ఒకటి నచ్చిందని రాశావు. చూడ్డానికి అది బాగానే ఉంటుంది. కానీ నీ పనికి ముందు చూడాల్సింది పట్టీ ఎంత సన్నమన్నది కాదు, కెమెరా ఎక్కడ కూర్చుందన్నది. మూత పైఅంచున, సరిగ్గా మధ్యలో ఉంటేనే తీసుకో. తెర కిందో, ఓ మూలనో, కీబోర్డులోనో ఉంటే ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దను. ప్రాసెసరు, ర్యామ్ సంగతి ఆ తర్వాత.

నీ దగ్గర చదివే పిల్లలు గుణుపూర్‌లోనో రాయగడలోనో ఒడియా బడికి వెళ్తారు. బడిలో ఒడియాలో ల.సా.గు. అని విన్నదాన్నే నువ్వు తెలుగులో క.సా.గు. అనగానే వాడికి ఒక్క క్షణం తడబాటు వస్తుంది. అప్పుడు వాడు నీ మొహంలోకి చూస్తాడు. నువ్వు వాడివైపే చూస్తున్నట్టు కనబడితే కుదుటపడి అడుగుతాడు, నీ చూపు ఎటో ఉంటే ఊరుకుండిపోతాడు. కెమెరా చోటు గురించి ఇంతలా చెప్పడం అందుకే.

కొలతల్లో చూడు. 16:9 నిష్పత్తిలో ఉన్న 14 అంగుళాల తెర ఎత్తు సుమారు 17.4 సెంటీమీటర్లు. కెమెరా దానికి అర సెంటీమీటరు పైన. పిల్లవాడి మొహం తెర నడిమధ్యన ఉంటే నీ చూపుకూ కెమెరాకూ 9 సెంటీమీటర్ల పైచిలుకు ఎడం. అర మీటరు దూరంలో కూర్చుంటే అది దాదాపు 10 డిగ్రీలు. వాడికి నువ్వు రెప్పలు వాల్చి ఏదో చదువుకుంటున్నట్టు కనిపిస్తావు. వీడియో గడిని చిన్నది చేసి, పైకి లాగి, వాడి కళ్ళు కెమెరాకు 3 సెంటీమీటర్ల కింద ఉండేలా పెట్టావంటే ఆ తేడా మూడున్నర డిగ్రీల లోపుకు దిగుతుంది. కొనకముందైనా, కొన్నాకైనా, పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది. 2002లో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు వీడియో మాటల్లో చూపుల మీద ప్రయోగాలు చేసి ఓ సంగతి తేల్చాడు: మన చూపు కెమెరాకు కాస్త కిందగా ఉంటే ఎదుటివాళ్ళు అంతగా పట్టించుకోరు, పక్కకో పైకో పోతే మాత్రం ఇట్టే పసిగడతారు. కెమెరా పైన ఉంటే ఎటూ మన చూపు దానికి కిందనే పడుతుంది కాబట్టి ఆ పొరపాటు చెల్లిపోతుంది. తెర కింద ఉంటే మన చూపు దానికి పైన పడుతుంది. అది చెల్లదు.

కింద కెమెరాకు ఇంకో చిక్కు ఉంది. లాప్‌టాప్ మూతను మనం నిట్టనిలువుగా పెట్టం, ఓ 20 డిగ్రీలు వెనక్కి వాలుస్తాం. కెమెరా కూడా అంతే మేర పైకి చూస్తుంది. పైనుంచి చూసే కెమెరా అయితే దాన్ని కొంత సర్దుకుంటుంది. కిందున్నది నీ గడ్డం కింది నుంచి ముక్కుపుటాలు, వాటి వెనక తిరిగే పంకా చూపిస్తుంది. నువ్వు ఏదైనా టైపు చేస్తే నీ వేళ్ళ కణుపులు కొండల్లా అడ్డొస్తాయి.

మరి తయారుచేసేవాళ్ళకు ఇది తెలియదా అంటే, తెలుసు. ఇరకాటం మిల్లీమీటర్లలో ఉంది. తెర కింది పట్టీ ఎప్పుడూ కాస్త వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే ప్యానెల్‌ను నడిపే సన్నటి బోర్డు, కేబుల్ తగిలించే కనెక్టరు అక్కడే ఉంటాయి. పైపట్టీని మాత్రం ఎంతైనా కోయొచ్చు, కెమెరా ఒక్కటే అడ్డం. డెల్ కంపెనీ 2015 ఎక్స్‌పీఎస్ 13లో పట్టీని 5.2 మిల్లీమీటర్లకు తెచ్చి, కెమెరాను తెర కింద ఎడమ మూలకు నెట్టింది. 2018లో కింద మధ్యకు జరిపింది. 2019లో కెమెరానే 2.25 మిల్లీమీటర్లకు కుదించి మళ్ళీ పైకి ఎక్కించింది. హువావే 2018 మేట్‌బుక్ ఎక్స్ ప్రోలో ఎఫ్6, ఎఫ్7 కీల మధ్య, నొక్కితే లేచే కెమెరా పెట్టింది. లోపలికి నొక్కేస్తే అది ఏమీ చూడలేదు, ఆ ఒక్క గుణం నిజంగా మంచిది. అసూస్ 2020 జెఫైరస్ జీ14లోనైతే కెమెరా పూర్తిగా తీసేశారు, రెండేళ్ళకు మళ్ళీ పెట్టారు. కొట్టులో పాత స్టాకు, సెకండ్ హ్యాండ్ సరుకు చూసేటప్పుడు ఈ మోడళ్ళు ఎదురుపడతాయి. అందుకే సంవత్సరాలతో సహా రాశాను.

అయితే పైన ఉన్నంతమాత్రాన సరిపోదు. మూత మందం చాలావాటిలో 4 నుంచి 6 మిల్లీమీటర్లు. వెనక రేకు, ముందు ప్లాస్టిక్కు తీసేస్తే కెమెరాకు మిగిలేది రెండు, మూడు మిల్లీమీటర్లు. వెలుగును బొమ్మగా మార్చే చిప్పు, అంటే సెన్సరు, పెద్దదైతే లెన్సుకూ దానికీ మధ్య దూరం పెరగాలి, ఆ లోతు అక్కడ లేదు. అందుకని చిన్న సెన్సరు పెడతారు. సెన్సరు పొడవూ వెడల్పూ సగానికి తగ్గితే దానిమీద పడే వెలుగు నాలుగో వంతే. సాయంత్రం ట్యూబులైటు కింద మొహం నూకలు చల్లినట్టు కనబడేది అందుకే. ఫోన్ ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పైగా కెమెరా దగ్గర ఉబ్బు కూడా. ఖరీదైన లాప్‌టాప్‌తో పోల్చినా చాలాసార్లు మామూలు ఫోన్ కెమెరాయే మెరుగ్గా ఉండటంలో వింత లేదు.

పెట్టె మీద 720పి అంటే సుమారు 9.2 లక్షల చుక్కలు, 1080పి అంటే 20.7 లక్షలు. అంకె పెద్దదని మురిసిపోకు. అదే చిన్న సెన్సరు మీద ఎక్కువ చుక్కలు ఇరికిస్తే ఒక్కో చుక్కకు అందే వెలుగు తగ్గుతుంది. పైగా జూమ్ యాప్‌లో ఇద్దరి మధ్య 720పి బొమ్మ నడవాలంటేనే రానూపోనూ 1.2 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నెట్ వేగం కావాలి. కొండ ఊళ్ళలో పిల్లల ఫోన్లకు అది అన్నివేళలా అందదు. పగటిపూట మాత్రమే శుభ్రంగా కనబడే 1080పి కన్నా, చీకట్లో కూడా మొహం తెలిసే కెమెరా నీకు ముఖ్యం.

ఇప్పుడు కొన్నిటికి పైఅంచు మధ్యలో చిన్న నాలుకలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది వంకర కాదు, పట్టీని సన్నగా ఉంచి కెమెరాకు చోటివ్వడానికి చేసిన పని. మూత తెరవడానికి వేలికి పట్టు కూడా దొరుకుతుంది. నా ఓటు దానికే. యాపిల్ 2021 మ్యాక్‌బుక్ ప్రోలో కెమెరాను తెరలోకి దింపి గాటు పెట్టింది. ఆ గాటు పక్కల తెరను 74 చుక్కల ఎత్తు పెంచి మెనూ వరుసను అక్కడికి ఎక్కించారు కాబట్టి పని చేసే జాగా తగ్గలేదు. అంత డబ్బు పెట్టగలిగితే అదీ మంచిదే. అసలు తెర నడిమధ్యనే కెమెరా పెడితే పోలేదా అని నీకు తోచవచ్చు. మామూలు ఎల్‌సీడీ తెర వెనకంతా లైటు పలక ఉంటుంది, దాన్ని దాటి కెమెరా చూడలేదు. చుక్కలే సొంతంగా వెలిగే ఓలెడ్ తెర అయితే ఆ చుక్కల సందుల్లోంచి చూడొచ్చు. 2021లో శామ్‌సంగ్ మడత ఫోన్‌లో అలా 4 మెగాపిక్సెల్ కెమెరా పెట్టారు, బొమ్మ మసకగానే వచ్చింది.

కొట్టుకు వెళ్ళేటప్పుడు లావు స్కెచ్ పెన్నుతో భిన్నాలు రాసిన కాగితం ఒకటి పట్టుకెళ్ళు. పెట్టెలోది కాదు, డెమోకి పెట్టినది అడిగి కెమెరా యాప్ తెరువు. అర మీటరు దూరంలో కూర్చుని, షోరూమ్ దీపాలు నీ వీపు వెనక ఉండేలా తిరుగు. కొట్టులో వెలుగు ఎక్కువ, ఎదురుగా ఉంటే ప్రతి కెమెరా బాగానే కనబడుతుంది. వెలుగు వెనక ఉన్నా మొహం నల్లబడకుండా ఉందా చూడు. తర్వాత కాగితాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకో, ఆపైన 15 సెంటీమీటర్లకు తీసుకురా. చాలా లాప్‌టాప్ కెమెరాలకు ఫోకస్ మారదు, దగ్గరికి తెస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఎంత దూరంలో తేటగా ఉందో ఆ దూరం గుర్తుపెట్టుకో. అర నిమిషం మాట్లాడి రికార్డు చేసి విను. చాలావాటిలో కెమెరా పక్కన సూదిబెజ్జాల్లాంటివి రెండు ఉంటాయి, అవే మైకులు. చివరగా కెమెరా నడుస్తుండగానే మూతను మెల్లగా పదిసార్లు ముందుకీ వెనక్కీ వంచు. బొమ్మ ఒక్కసారి ఆగినా, గీతలు వచ్చినా ఆ యంత్రం వద్దు.

ఎందుకంటే కెమెరా తీగ తెర అంచు వెంబడి దిగి, మూత తిరిగే కీలులోంచి దూరి, కింది బోర్డుకు చేరుతుంది. మూత తీసిన ప్రతిసారీ ఆ తీగ మెలిపడుతుంది. ఏళ్ళ తర్వాత మొదట నలిగేది అక్కడే. మూత ఓ కోణంలో ఉంటే కెమెరా వచ్చి, మరో కోణంలో మాయమైతే తీగదే లోపం, కెమెరా కొనక్కర్లేదు. ఎప్పుడూ రాకపోతే మాత్రం వరుసగా చూడు: ముందు కెమెరా మీది చిన్న జారుడు మూత, కీబోర్డు పైవరుసలో కెమెరా బొమ్మ ఉన్న కీ, తర్వాత విండోస్ సెట్టింగుల్లో ప్రైవసీ కింద కెమెరా అనుమతి, ఆపైన డివైస్ మేనేజరులో కెమెరా పేరు ఉందా లేదా. మెకానిక్ దగ్గరకు వెళ్ళే ముందు ఈ నాలుగూ నీ చేత్తోనే అవుతాయి. తెర పగిలి మార్పించాల్సి వస్తే, బిగించాక అక్కడే కెమెరా, మైకు రెండూ చూసుకో. కెమెరా ఉన్న సన్నటి బోర్డును డబుల్ టేపుతో అతికిస్తారు. అది ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా బొమ్మ ఓ వైపున నల్లటి వంపు పడుతుంది. మైకు చుట్టూ ఉండే చిన్న స్పాంజి జరిగితే గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. ఇంకో మాట, టచ్ తెర నీకు అక్కర్లేదు. చాలావాటిలో అద్దమూ ప్యానెలూ కలిపి అతికించి ఉంటాయి, ఒకటి పగిలితే రెండూ మార్చాలి.

ఇంట్లో అమరిక. బల్ల ముందు కుర్చీలో కూర్చుంటే నీ కళ్ళు బల్లకు 40 సెంటీమీటర్లు పైన ఉంటాయి, కెమెరా 20 దగ్గరే ఆగుతుంది. లాప్‌టాప్ కింద 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టు, లావుపాటి పుస్తకాలైనా చెక్కపీటైనా సరే. అంత ఎత్తులో టైపు చేస్తే భుజాలు పీకుతాయి కాబట్టి విడి కీబోర్డు, మౌసు తీసుకో. వెనక గాలి ఆడే రంధ్రాలు మూయకు. కిటికీ నీ ఎదురుగా ఉండాలి, వీపు వెనక ఉండకూడదు. సాయంత్రం క్లాసుకైతే ట్యూబులైటు నెత్తిన కాకుండా లాప్‌టాప్ వెనక గోడకు ఉండాలి. కరెంటు పోతే దిగులు లేకుండా, ఛార్జి నిలిచే ఎల్‌ఈడీ బల్బు ఒకటి అదే గోడకు పెట్టించు. బొమ్మలో అడ్డచారలు దొర్లుతుంటే కెమెరా యాప్ సెట్టింగుల్లో ఫ్లికర్ తగ్గించేది ఉంటుంది, దాన్ని 50 హెర్ట్జ్‌కు మార్చు. మన కరెంటు 50, కొన్నిటిలో అది 60 మీద ఉంటుంది.

కాగితం మీద లెక్క చేసి చూపించడానికి మూత కెమెరా పనికిరాదు, అది కిందకి చూడలేదు. దానికి ఫోన్‌ను స్టాండుకు బిగించి, నోటుబుక్కు మీదికి వంచి, అదే క్లాసులో రెండో మనిషిగా చేర్చు. ఫోన్‌లో మైకూ స్పీకరూ రెండూ ఆపెయ్, లేకపోతే కూత వస్తుంది. నీ తెర మీద నీ బొమ్మలో అక్షరాలు తిరగబడి కనిపిస్తే కంగారుపడకు. అద్దంలోలా నీకు మాత్రమే అలా చూపిస్తుంది, పిల్లలకు సరిగ్గానే వెళ్తుంది.

కెమెరా మీద అతికించే ప్లాస్టిక్ జారుడు మూతలు బజారులో అమ్ముతారు. అవి కొనకు. మూత మూసినప్పుడు తెరకూ కీబోర్డుకూ మధ్య సందు చాలా తక్కువ, ఆ ప్లాస్టిక్కు అక్కడ నొక్కుకుని తెర చిట్లుతుంది. ప్రింటరు కాగితమంత, అంటే 0.1 మిల్లీమీటరు, అంతకు మించిన మందంతో ఏదీ పెట్టొద్దని యాపిల్ 2020లో తన వాడకందార్లకు చెప్పింది. ఏ కంపెనీ లాప్‌టాప్‌కైనా అదే లెక్క పెట్టుకో. లోపలే జారుడు మూత ఉన్న మోడల్ దొరికితే మరీ మంచిది. కాగితం ముక్క అతికించేటట్టయితే మైకు బెజ్జాలు మూసుకుపోకుండా చూడు, జిగురు లెన్సుకు తగలనివ్వకు. లెన్సును వారానికోసారి కళ్ళజోడు గుడ్డతో తుడువు. వేలిముద్ర నూనె ఒక్కటి చాలు, బల్బు చుట్టూ పొగమంచు కమ్మినట్టవుతుంది.

పర్లాకిమిడిలో దొరక్కపోతే విశాఖ వెళ్ళేకన్నా ఇటు బరంపురం రా. కొట్టులో కూర్చున్నాక, డబ్బు కట్టకముందే, ఆ డెమో లాప్‌టాప్ నుంచే నాకు వీడియో కాల్ చెయ్యి. దీపాలు వీపు వెనక ఉండేలా కూర్చుని, కాగితం చూపిస్తూ ఓ భిన్నాల లెక్క చెప్పు. అంకెలు తెలుస్తున్నాయో లేదో, నువ్వు నావైపు చూస్తున్నట్టుందో లేదో నేను ఇక్కణ్ణుంచి చెప్తాను.

మీ మావయ్య