అమెరికాలో ఫైర్‌ఫైటర్ ఉద్యోగానికి పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్ష పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ అన్ని చోట్లా పెట్టరు. కొన్ని రాష్ట్రాల్లో చట్టమే ఒప్పుకోదు. 1988 నాటి ఫెడరల్ చట్టం చాలావరకు ప్రైవేటు కంపెనీలను లై డిటెక్టర్ వాడకుండా ఆపింది గానీ, ప్రభుత్వ సంస్థలను మినహాయించింది. నగర ఫైర్ డిపార్ట్‌మెంట్ ప్రభుత్వ సంస్థే కదా. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు మాత్రం తమ సొంత చట్టాలతో ఉద్యోగాలకు ఈ పరీక్షను నిషేధించాయి.

ఇంత వడపోత ఎందుకంటే, ఫైర్‌ఫైటర్ యజమాని లేని ఇంట్లోకి తలుపు పగలగొట్టుకుని వెళ్తాడు. నగలూ నగదూ కళ్లెదుటే ఉంటాయి. పారామెడిక్ (అత్యవసర వైద్యం చేసే సిబ్బంది) కూడా అయితే మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మత్తు మందులు చేతికి అందుబాటులో ఉంటాయి. అందుకే పోలీసు రికార్డు, డ్రైవింగ్ రికార్డు చూస్తారు, పాత యజమానులను వాకబు చేస్తారు.

ఉదాహరణకు, ఒకరు కాలేజీ రోజుల్లో గంజాయి తాగారు. దరఖాస్తులో "ఎప్పుడూ లేదు" అని రాసి, పాలిగ్రాఫ్‌కు ముందు జరిగే ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారనుకోండి. అలాంటప్పుడు పాత గంజాయి కంటే ఆ అబద్ధమే కొంప ముంచవచ్చు.

మెషిన్ అబద్ధాన్ని పట్టేస్తుందన్నది చాలామందికి ఉన్న అపోహ. అది కొలిచేది ఊపిరి, రక్తపోటు, నాడి, చెమట మాత్రమే. నిజం చెప్పేవారికి కూడా టెన్షన్‌తో ఇవన్నీ మారతాయి. అందుకే గ్రాఫు ఒక్కటే చూసి అభ్యర్థిని తిరస్కరించడం నా దృష్టిలో అన్యాయం. ఫెడరల్ ఏజెన్సీల్లో ఉద్యోగుల భద్రతా వడపోతకు దీని కచ్చితత్వం చాలదని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లోనే తేల్చింది.