సీడర్ మడి కట్టబోయే మేనకోడలికి

అమ్మలూ,

ఆస్టిన్‌లో మీ పెరట్లో సీడర్ చెక్కతో కూరగాయల మడి నువ్వే కట్టుకుంటానన్నావట, అక్క చెప్పింది. రంపం నువ్వే పడుతున్నావంటే ఎంత మురిసిపోయానో! మరుక్షణమే చిన్నప్పటి నీ ఆయాసం గుర్తొచ్చింది. అందుకే ముందు మాస్క్ సంగతి.

వెస్ట్రన్ రెడ్ సీడర్ పొట్టులో ప్లికాటిక్ ఆసిడ్ ఉంటుంది. ఈ చెక్క కోసే మిల్లుల్లో పనివాళ్లకు ఆస్తమా తెచ్చిపెట్టేది అదే. పగలు పీల్చిన ధూళికి దగ్గు ఒక్కోసారి రాత్రికి గానీ మొదలవదు, అందుకే ఎవరికీ చెక్క మీద అనుమానం రాదు. గుడ్డ మాస్క్ పనికిరాదు. కనీసం ఎన్95 ఉండాలి, నీకైతే పీ100 ఫిల్టర్లున్నదే కొను. గరాజ్‌లో కోయొద్దు. ఆరుబయట, గాలి పొట్టును నీకు అవతలికి తీసుకుపోయే వైపు నిలబడు. సాండింగ్ అసలు పెట్టుకోకు, వంకాయ మొక్కకు నున్నటి గోడ ఎందుకు? మీ డాక్టర్ని అడగకుండా రంపం ముట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను.

ఇక కొలతలు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చాలు. అంతకన్నా వెడల్పయితే నడిమధ్య కలుపుకి చెయ్యి అందదు. 8 అడుగుల 2×6 పలకలు ఆరు, 4×4 దిమ్మె ఒకటి తెచ్చుకో. 2×6 అంటారే గానీ నిజానికి అది ఒకటిన్నర, ఐదున్నర అంగుళాలే. రెండు వరసలు పేరిస్తే ఎత్తు 11 అంగుళాలు. నాలుగు పలకలు పొడుగు పక్కలకి అలాగే వాడు. మిగతా రెంటిలోంచి 45 అంగుళాల ముక్కలు నాలుగు కొయ్యి, అవి పొట్టి పక్కలకి, పొడుగు పలకల చివర్ల మధ్యలో కూర్చుంటాయి. దిమ్మెలోంచి మూలలకు 11 అంగుళాలవి నాలుగు, పొడుగు పక్కల నడుమకు 24 అంగుళాలవి రెండు వస్తాయి. నడిమి గుంజలు లేకపోతే తడి మట్టి బరువుకు పలకలు బయటికి ఉబ్బుతాయి. అవి 13 అంగుళాలు భూమిలోకి దిగాలి కాబట్టి తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి, కింద గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తు పెడతారు.

పలక కొనేటప్పుడు చేవ చూసుకో. ఎర్రగా ఉన్న చేవే చీకకుండా నిలిచేది, అంచున తెల్లగా ఉన్నది మామూలు చెక్కతో సమానం. పక్కనే చవగ్గా కంచె పలకలు కనిపిస్తాయి. ముప్పావు అంగుళం కూడా లేని ఆ పలకలు తడి మట్టికి ఆగవు.

చెక్కకు డబ్బు పోసి స్క్రూల దగ్గర పిసినారితనం చేసేవాళ్లు ఎంతమందో. మెరుస్తుంది కదా అని జింకు పూత స్క్రూల డబ్బా తెస్తారు. ఆ పూత పల్చన, తడి మట్టి పక్కన త్వరగా పోతుంది. లోపలి ఇనుము బయటపడగానే సీడర్‌లోని టానిన్ అనే వగరు పదార్థం దాన్ని పట్టుకుంటుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప నీళ్లు నల్లబడతాయి చూడు, ఇదీ అదే రసాయనం. ప్రతి స్క్రూ తల కింద నల్లటి చార కారుతుంది. ఆక్సాలిక్ ఆసిడ్‌తో కడిగితే చార పోతుంది, ఆ స్క్రూ ఉన్నన్నాళ్లూ మళ్లీ వస్తుంది. పైగా ఆ ఆసిడ్ విషం, కూరమడి దగ్గర దాన్ని తేవడం నాకిష్టం లేదు. చారైనా కంటికే కష్టం, అసలు నష్టం లోపల. తుప్పు పట్టిన స్క్రూ తిప్పితే తల విరిగి కాడ చెక్కలో ఉండిపోతుంది. అప్పుడు పాడైన పలక ఒక్కదాన్ని మార్చడం కూడా కుదరదు.

అందుకని 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, 3 అంగుళాలవి తీసుకో. నీకు 40 పడతాయి, 50 కొను. గరుగ్గా, మసక బూడిదరంగులో ఉండే హాట్‌డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి మందంగా పూత పట్టించినవి, అయినా ఫరవాలేదు. స్టెయిన్‌లెస్ మెత్తటి లోహం, ఇంపాక్ట్ డ్రైవర్‌తో అదిమితే తల తెగుతుంది. మామూలు డ్రిల్‌తో నెమ్మదిగా తిప్పు. సీడర్ కూడా మెత్తనే, చివర్లలో ఇట్టే చీలుతుంది. ముందు 1/8 అంగుళం బిట్‌తో ప్రతి చోటా బెజ్జం వెయ్యి. పొడుగు పలకలో ఆ బెజ్జం చివర నుంచి 3 అంగుళాలు లోపలికి పడితే స్క్రూ సరిగ్గా మూల దిమ్మెలోకి దిగుతుంది. రెండు వైపుల స్క్రూలు లోపల గుద్దుకోకుండా ఎత్తులు మార్చు. తల చెక్క మట్టానికి రాగానే ఆపు, లోపలికి పూడ్చితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి.

బిగించే ముందు రెండు కర్ణాలూ కొలువు, సమానంగా వస్తే మూలమట్టం కుదిరినట్టే. రంగూ వార్నిషూ వద్దు, లోపల ప్లాస్టిక్ అసలే వద్దు, చెమ్మ చెక్కకూ దానికీ మధ్య చిక్కుకుంటుంది. అన్నిటికన్నా ముందు చీకేవి భూమిలో దిగిన నడిమి గుంజలే. వాటి స్క్రూలు బయటి వైపు నుంచే వెయ్యి, మార్చుకోవడం తేలిక.

మట్టి సుమారు ఒక క్యూబిక్ యార్డు పడుతుంది, ఒకటిన్నర ఘనపుటడుగుల సంచులైతే 18. అన్ని సంచులు ఒక్కదానివే మోయకు, మీ ఆయన్ని లేపు. గోంగూరకీ వంకాయకీ ఈ లోతు చాలు. బీరపాదు పందిరి మాత్రం ఈ పలకలకు కట్టకు, దానికి వేరే గుంజలు పాతు. ఎక్కడ పాతాలో పెరటి ఫోటో పంపితే చెబుతాను.

మావయ్య