కొత్త డాక్టర్ గొంతులో మాస్క్ పెడితే ప్రమాదమా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు, బరువు 62 కిలోలు. వచ్చే వారం రొమ్ములో గడ్డ తీసే ఆపరేషన్ ఉంది. పూర్తి మత్తు ఇచ్చి గొంతులో మాస్క్ లాంటిది పెడతామన్నారు. శిక్షణలో ఉన్న డాక్టర్లూ పాల్గొంటారని సమ్మతి పత్రంలో ఉంది. చేయి తిరగని వాళ్లు పెడితే అమ్మకు ఊపిరి అందకుండా పోతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారికి పెట్టబోయేది లారింజియల్ మాస్కో, ఐ-జెల్లో అయి ఉంటుంది. ఇది గాలిగొట్టంలోకి దిగే ట్యూబ్ కాదు. స్వరపేటిక ముఖద్వారం మీద మూతలా కూర్చుంటుంది. ట్యూబ్ వేయడంలో చేయి కుదరాలంటే సుమారు 50 సార్లయినా వేసి ఉండాలి. మాస్క్ అంతకంటే చాలా త్వరగా పట్టుబడుతుంది.

మొదటిసారే సరిగ్గా కూర్చోకపోవడం సీనియర్ల చేతిలోనూ జరుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది అది కాదు. మధ్యలో ఆగి ఆక్సిజన్ ఇవ్వకుండా పదేపదే ప్రయత్నించడం, సీనియర్‌ను పిలవడానికి మొహమాటపడడం, ఈ రెండూ అసలు ప్రమాదాలు.

మత్తుకు ముందు 3 నిమిషాలు ముఖానికి మాస్క్ ఆనించి నూరు శాతం ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లోని నైట్రోజన్ పోయి ఆ చోటంతా ఆక్సిజన్ నిండుతుంది. మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఊపిరి ఆగితే ఒకటి రెండు నిమిషాల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. ఇలా నింపుకున్న ఆరోగ్యవంతులకు ఆరేడు నిమిషాల దాకా వ్యవధి దొరుకుతుంది. ఊబకాయం ఉంటే అంత దొరకదు. కొత్త చేతికి ఈ నిల్వే కొండంత అండ. ముఖం మీది మాస్క్ పక్కల నుంచి గాలి లీకైతే మాత్రం నిల్వ నిండదు.

62 కిలోలకు గొంతు మాస్క్ సైజు 4 సరిపోతుంది. కిలోకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇస్తారు, వయసు పైబడినవారికి తగ్గిస్తారు. దవడను ముందుకు ఎత్తినా చలనం లేకపోతేనే మత్తు పట్టినట్టు. కొత్తవాళ్లు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. మత్తు చాలకముందే పెడితే దగ్గు వస్తుంది, స్వరపేటిక బిగుసుకుపోయి గాలి లోపలికి పోదు. పరికరం వీపున జెల్ రాసి, మొనను అంగిలికి ఆనించి, ఆ వంపు వెంటే జార్చాలి. మొన అంగిలిని వదిలిందా, నాలుకను వెనక్కి నెడుతుంది, లేదా ఎపిగ్లాటిస్‌ను (స్వరపేటిక పైన ఉండే మూతను) కిందికి మడిచి దారి మూసేస్తుంది. గట్టిగా అడ్డు తగలగానే ఆపాలి. అంచు చుట్టూ గాలి నింపే రకమైతే 30 మిల్లీలీటర్లు గరిష్ఠం, చాలాసార్లు సగమే చాలు. లోపలి ఒత్తిడి 60 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకూడదు. లీకు ఉందని ఇంకా ఇంకా నింపితే లీకు ఆగదు సరికదా, నరం నలిగి నాలుక మొద్దుబారుతుంది.

సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేది క్యాప్నోగ్రాఫ్. ప్రతి ఊపిరికీ తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత నిటారుగా లేచి, కాసేపు చదునుగా సాగి, మళ్లీ అడుగుకు పడాలి. గీత రాకపోతే పరికరం తీసి, ముఖం మీది మాస్క్‌తో ఆక్సిజన్ ఇవ్వాలి. రక్తంలో ఆక్సిజన్ చూపే వేలి క్లిప్పు అంకెను నమ్ముకుని కూర్చోకూడదు, నిల్వ ఉన్నంతసేపూ అది బాగానే చూపిస్తుంది.

బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015 మార్గదర్శకాలు ట్యూబ్ పడనప్పుడు ఇలాంటి పరికరంతో 3 ప్రయత్నాలకు మించవద్దన్నాయి. శిక్షణలో ఉన్నవారికి ఒకటి, మహా అయితే రెండు చాలని నా అభిప్రాయం. ఆ తర్వాత చేయి మారాలి.

కాబట్టి “ఎవరు పెడతారు?” అని కాక, “పెట్టేటప్పుడు సీనియర్ మత్తు డాక్టర్ అమ్మ తల దగ్గరే ఉంటారా? క్యాప్నోగ్రాఫ్ ఉందా?” అని అడగండి. ఉంటారంటే నిశ్చింతగా సంతకం చేయండి. ఫోన్‌లో అందుబాటులో ఉంటారంటే ఒప్పుకోకండి, ఆ హక్కు మీకుంది.

కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, గట్టి గురక, మెడ బిగుతు, పుల్లటి తేన్పులు ఉంటే ముందే చెప్పండి. ఈ మాస్క్ కడుపులోంచి పైకి తన్నుకొచ్చేదాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. తేన్పుల బాధ ఎక్కువైతే ట్యూబే మేలు.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు గొంతు నొప్పి మామూలే. నాలుక మొద్దుబారినా, మింగడం కష్టమైనా, జ్వరంతో మెడ నొప్పి వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.