ఒకే గోడమీద రెండు రకాల మేఫ్లైలు: ఫొటోలకు సమాధానం

ఒకే గోడమీద తీసిన రెండు మేఫ్లైల (నీటిలో పెరిగి, రెక్కలు వచ్చాక కొద్దికాలమే బతికే కీటకాల) ఫొటోలు పంపి, వాటికి రెండు వేర్వేరు పేర్లు ఎందుకు వస్తున్నాయని అడిగారు. మీరు సాయంత్రం తీసిన బూడిదరంగు మేఫ్లై, మర్నాడు అదే గోడమీద తీసిన మెరిసే రెక్కల మేఫ్లై బహుశా ఒకే జాతికి చెందిన రెండు దశలు. రెక్కలు వచ్చాక మరోసారి కుబుసం విడిచే కీటకాలు నేడు ఇవి మాత్రమే కనుక, రంగును బట్టి పేరు వెతికితే రెండు పేర్లు రావడంలో వింత లేదు.

1. ముందుగా రెక్క వెనుక అంచును పెద్దదిగా చేసి చూడండి. రెక్క మసకగా ఉండి అంచున సన్నని నూగు కనిపిస్తే అది సబ్ఇమాగో, అంటే రెక్కలు వచ్చినా చివరి కుబుసం ఇంకా విడవని దశ. గాజులా పారదర్శకంగా ఉంటే ప్రౌఢ కీటకం. కీనిడే (Caenidae) అనే మేఫ్లై కుటుంబంలో మాత్రం ప్రౌఢ కీటకాలకూ నూగు ఉంటుంది.

2. చాలామంది వదిలేసేది వెనుక రెక్క. పైనుంచి తీసిన ఫొటోలో అది ముందురెక్క మొదలులో దాగిపోతుంది కాబట్టి, రెక్కలు నిటారుగా మడిచి కూర్చున్నప్పుడు సరిగ్గా పక్కనుంచి, ఫోకస్ రెక్క మొదలుపై ఉంచి మరో ఫొటో తీయండి. వెనుక రెక్క అసలే లేకుండా మూడు తోకపోగులుంటే కీనిడే కావచ్చు. అది అతి చిన్నదిగా ఉన్నా, లేకపోయినా, తోకపోగులు రెండే ఉండి, ముందురెక్క బయటి అంచున దేనితోనూ కలవని పొట్టి ఈనెలు కనిపిస్తే బేటిడే (Baetidae) అనే మరో మేఫ్లై కుటుంబం అనుకోవచ్చు. వెనుక రెక్క పెద్దదైతే ఈ రెండూ కావు.

3. తోకపోగులు సులభంగా విరిగిపోతాయి. కొనలను కాక మొదళ్లను లెక్కించండి.

4. జాతి పేరు కావాలంటే మగదాని పొట్ట చివరనున్న పట్టుకారు లాంటి అవయవాలను కిందినుంచి ఫొటో తీయాలి. ఆడదైతే కుటుంబం లేదా ప్రజాతి దగ్గర ఆగడమే మేలు.