వీణ మీద స్వరాలు వాయించే ప్రధాన తీగలన్నీ దాదాపు ఒకే పొడవు ఉంటాయి కదా, మరి శ్రుతి ఎందుకు మారుతుంది?

తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అదే దాని శ్రుతి. అది మూడింటిని బట్టి ఉంటుంది: మోగే భాగం పొడవు, బిగువు, మీటరు తీగ బరువు. పొడవు సగమైతే కంపనాలు రెట్టింపై అదే స్వరం పై స్థాయిలో, అంటే సా తీగైతే పై సా, పలుకుతుంది. బిగువు పెంచి అదే స్వరం రాబట్టాలంటే మాత్రం నాలుగు రెట్లు చేయాలి, అంతకుముందే తీగ తెగుతుంది! అందుకే కింది స్థాయి స్వరాలు పలికే మంద్ర తీగను వదులు చేయరు, లావుపాటిది వేస్తారు. సారణికి, అంటే మొదటి ప్రధాన తీగకు, ఒక స్థాయి కింద, అదే బిగువుతో మోగాలంటే మీటరుకు నాలుగు రెట్ల బరువుండాలి. వదులు తీగ శ్రుతి నిలవదు, దండి మీద తీగను నొక్కే అడ్డపట్టీలకు, అంటే మెట్లకు, తగిలి గరగరలాడుతుంది.

మెట్లు గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) వైపు పోయేకొద్దీ దగ్గరవడం గమనించారా? ఒక్కో మెట్టు మిగిలిన పొడవులో సుమారు 5.6 శాతం తగ్గిస్తుంది. మోగే పొడవు 80 సెంటీమీటర్లనుకుంటే మొదటి మెట్టు గుర్రానికి ఎదురు కొస నుంచి దాదాపు 4.5 సెంటీమీటర్ల దూరంలో, 12వది సరిగ్గా మధ్యలో, 40 దగ్గర వస్తాయి. అక్కడినుంచి తర్వాతి మెట్టుకు 2.25 చాలు.

నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది గమకం. వేలు అదే మెట్టు మీద ఉంచి తీగను పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి జారుతుంది. మామూలుగా నొక్కినా బిగువు కాస్త పెరుగుతుంది. కాబట్టి లెక్క ప్రకారం మెట్లు పెడితే సరిపోదు. మెట్లను నిలిపే మైనం మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టునూ మీటి, చెవితో విని, అటూ ఇటూ జరిపి నిలబెడతారు.